తులనాత్మక సాహిత్య వ్యాసానికి గట్టి అంశం ఎలా పట్టుకోవాలి?

రెండో_సెమిస్టర్
హైదరాబాదులో ఎమ్మే చదువుతున్నాను. తులనాత్మక సాహిత్యం పేపరుకు నాలుగు వేల మాటల వ్యాసం రాయాలి. నేనిచ్చిన అంశం ఇది: "అతడు అడవిని జయించాడు – ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ: తులనాత్మక పరిశీలన". ఒక పేజీ సారాంశం కూడా జత చేశాను. రెండింటిలోనూ ముసలివాడే, రెండింటిలోనూ ఒంటరితనమే, రెండింటిలోనూ ప్రకృతితో పోరాటమే. అక్కడ సముద్రం, ఇక్కడ అడవి. అక్కడ చేప, ఇక్కడ పంది. ఇంత చక్కగా కుదిరే జంట ఇంకెక్కడ దొరుకుతుంది? మేడం మాత్రం పక్కన "ఇందులో ప్రశ్న ఏది?" అని రాసి కాగితం వెనక్కి ఇచ్చేశారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. మా క్లాసులో ఒకమ్మాయి కృష్ణశాస్త్రి–షెల్లీ ఇస్తే అదీ వెనక్కే వచ్చింది. గట్టి అంశం అంటే అసలు ఏమిటి? సోమవారం లోపల కొత్తది ఇవ్వాలి.

మెస్_బిల్లు
"అక్కడ చేప, ఇక్కడ పంది" అనే శీర్షిక పెట్టి ఉంటే కనీసం నవ్వి ఒప్పుకునేవారేమో.

చిక్కడపల్లి_చదువరి
కృష్ణశాస్త్రి–షెల్లీ ఇంకా నడుస్తోందా! మా నాన్నగారు చదువుకునే రోజులకే అది నలిగి నలిగి చిరిగిపోయింది.

ఎర్రసిరా
చాలా ఏళ్ళు ఇలాంటి వ్యాసాలు దిద్దినదాన్ని, కాబట్టి మీ మేడం తరఫున మాట్లాడతాను. మీరిచ్చింది జాబితా. రెండు పుస్తకాల్లో ఒకే తీరుగా కనిపించినవన్నీ ఏరి వరసగా పేర్చారు. చదివిన వాళ్ళు "అయితే?" అంటారు. ఆ "అయితే?"కు మీ దగ్గర జవాబు లేదు.

మీ జంటనే మళ్ళీ చూడండి. హెమింగ్‌వే ముసలివాడు సాంటియాగోకు 84 రోజులుగా ఒక్క చేపా పడలేదు. చంపి తేవడానికే అంత దూరం వెళ్తాడు. కేశవరెడ్డి ముసలివాడు అడవిలోకి వెళ్ళేది తను పెంచిన పందిని వెతుక్కుంటూ. ఒకడు వేటకు వెళ్ళినవాడు, మరొకడు కాపరి. ఇద్దరికీ జంతువుతో ఉన్న సంబంధమే వేరు. వాళ్ళిద్దరినీ "ప్రకృతితో పోరాటం" అని ఒకే గాటన కట్టేశారు. పోలికలు దొరికిన సంబరంలో అసలు తేడా మీ కంటికి ఆనలేదు. వేటగాడి ఓటమి, కాపరి ఓటమి ఒకటేనా అని అడిగి ఉంటే అది ప్రశ్న అయ్యేది.

తార్నాక_టీ
ఎర్రసిరా గారూ, పోలిక లేకుండా తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ముందు కలిసేవి చూడాలి, తరువాతే విడిపోయేవి. అతను మొదటి మెట్టు మీద ఉన్నాడు, అంతే. దానికి కాగితం వెనక్కి ఇచ్చేయాలా?

ఎర్రసిరా
మొదటి మెట్టు ఎక్కినందుకు మార్కులివ్వరు కదండీ.

రెండో_సెమిస్టర్
వేటగాడు, కాపరి... ఇది నాకు తట్టలేదు. కానీ ఇప్పుడు ఇదే రాస్తే మీది దొంగిలించినట్టు అవుతుంది.

ఎర్రసిరా
అవుతుంది. ఇంకొకటి వెతుక్కోండి.

గుండ్రాళ్ళు
నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. రెండు పుస్తకాల్లో ఒకదాన్ని చేతితో మూసేయండి. మీ ప్రశ్న అప్పటికీ నిలబడి ఉంటే అది తులనాత్మకం కాదు, ఒక పుస్తకం మీద వ్యాసమే. రెండోది ఊరికే అలంకారానికి వచ్చినట్టు.

విజయనగరం_వీధి
గుండ్రాళ్ళు చెప్పిన పరీక్షకు నా వ్యాసమే ఉదాహరణ. కన్యాశుల్కం, ఇబ్సెన్ డాల్స్ హౌస్. మొదట అందరిలాగే "స్త్రీ విముక్తి" అని పెట్టాను. అది ఎటూ పోలేదు, ఎందుకంటే నోరా తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది, మధురవాణి కథ ఆ దారినే పోదు. పక్కపక్కన పెట్టి చూస్తూ ఉంటే చట్టం కనిపించింది. 1879 నాటి నాటకంలో నోరా భర్త ప్రాణం కోసం అప్పు చేస్తుంది, తండ్రి సంతకం తనే పెడుతుంది. చట్టం దృష్టిలో అది ఫోర్జరీ. కన్యాశుల్కంలో ఆడవేషం వేసిన కుర్రవాడిని లుబ్ధావధానులుకు కట్టబెడతారు, ఆ "పెళ్ళికూతురు" మాయమైపోతే హత్యానేరం అతని మెడకు చుట్టుకుంటుంది. అసలు లేని మనిషి హత్య! దాన్ని తేల్చడానికి మధురవాణి మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరకు వెళ్ళాలి. ఒక చట్టానికి సంతకం తప్ప సంతకం వెనక ఉన్న మనిషి అక్కర్లేదు. ఇంకొక చట్టానికి చీర కనిపిస్తుంది, లోపల ఎవరున్నదీ కనిపించదు. "చట్టానికి కనిపించని మనిషి" అని ప్రశ్న పెట్టుకున్నాక వ్యాసం దానంతట అదే నడిచింది.

మెస్_బిల్లు
లేని మనిషి హత్య. మా హాస్టల్ మెస్సులో పప్పు విషయంలో ఇలాంటి కేసే నడుస్తోంది.

చిక్కడపల్లి_చదువరి
వీధి గారూ, ఏ కన్యాశుల్కం? 1897లో అచ్చయినదా, 1909లో తిరగరాసినదా? రెండూ చాలా తేడా. ఇది వ్యాసంలో మొదటి పేజీలోనే చెప్పకపోతే పరీక్షకులు అక్కడే పట్టుకుంటారు.

విజయనగరం_వీధి
1909. చెప్పాను. అయినా పట్టుకున్నారు, వేరే చోట.

మౌనముని
గురజాడ ఇబ్సెన్‌ను చదివారని నిరూపించాలి కదా? లేకపోతే పోల్చడానికి ఆధారం ఏముంది?

ఎర్రసిరా
ఈ ప్రశ్న వస్తుందని అనుకుంటూనే ఉన్నాను. ఎవరు ఎవరిని చదివారు, ఎవరి నుంచి ఎవరికి ఏం వచ్చింది అని తవ్వడం పాత ఫ్రెంచి పద్ధతి. 1958లో అమెరికాలో చాపెల్ హిల్ సభలో రెనే వెల్లెక్ అనే విమర్శకుడు దాని మీద విరుచుకుపడ్డాడు. సాహిత్యాన్ని దేశాల మధ్య ఎగుమతి దిగుమతుల పద్దు చేసేశారని ఆయన కోపం. ప్రభావం లేకపోయినా పోల్చవచ్చు. కాకపోతే అప్పుడు ఎందుకు పోలుస్తున్నారో మరింత గట్టిగా చెప్పాలి. ప్రభావం ఉందని రాస్తే మాత్రం కాగితం చూపించాలి, "చదివి ఉండవచ్చు" అంటే కుదరదు.

మౌనముని
అయితే దాశరథి–గాలిబ్ తీసుకోవచ్చా? అక్కడ కాగితం ఉంది. దాశరథి గాలిబ్‌ను తెలుగు చేశారు, గాలిబ్ గీతాలు పుస్తకమే ఉంది.

దక్కనీ_దిల్
ఉంది. కానీ "గాలిబ్ ప్రభావం దాశరథి మీద" అంటే మళ్ళీ జాబితాలోకే పోతారు. అనువాదం చేస్తున్నప్పుడు దాశరథి ఏం వదిలేశారు, సొంత రుబాయీలు (నాలుగు పాదాల పద్యాలు) రాసేటప్పుడు ఆ వదిలేసినది తిరిగి వచ్చిందా అని చూడండి. దానికి ఉర్దూ కొద్దిగా రావాలి మరి.

అసలు నాకు అర్థం కానిది ఒకటుంది. హైదరాబాదులో కూర్చుని అందరూ హెమింగ్‌వే, షెల్లీ, ఇబ్సెన్ అంటారేం? మన ఊళ్ళో ఒకే కాలాన్ని రెండు భాషలు రాశాయి. దాశరథి తమ్ముడు రంగాచార్య రాసిన చిల్లర దేవుళ్ళు చూడండి, 1969. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొర, దొర కోటలాంటి ఇల్లు గడి, ఆ గడిలో దాసీలుగా బతికే ఆడబాపలు. జీలానీ బానో ఐవాన్-ఎ-గజల్ చూడండి, ఉర్దూలో 1976. ఆ పేరు ఒక హవేలీది. అదే కాలపు హైదరాబాదు, అదే జాగీర్దారీ కూలిపోవడం, ఆ ఇంటి ఆడవాళ్ళ కళ్ళముందే. ఒకటి గడి గోడల్ని బయటి నుంచి చూస్తుంది, మరొకటి హవేలీ గోడల్ని లోపలి నుంచి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు తెలుగు విభాగాల్లో నాకు ఎక్కువగా కనిపించలేదు. తెలుగు విభాగం వాళ్ళు ఉర్దూ చదవరు, ఉర్దూ విభాగం వాళ్ళు తెలుగు చదవరు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే.

తార్నాక_టీ
గడిని బయటి నుంచి చూస్తుంది అంటే ఒప్పుకోను. చిల్లర దేవుళ్ళు గడి లోపలికి బాగానే వెళ్తుంది. ఆడబాపల బతుకు బయట నిలబడి రాయలేదు దాశరథి రంగాచార్య.

దక్కనీ_దిల్
లోపలికి వెళ్తుంది, ఆ ఇంటి మనిషిగా కాదు. బానో రాసింది ఆ ఇంట్లో పుట్టినవాళ్ళ వైపు నుంచి. నా ఉద్దేశం అది.

తార్నాక_టీ
అదిగో, ఇప్పుడు మన ఇద్దరి గొడవే ఒక వ్యాసం.

శ్రీమతి_సందేహం
ఉర్దూ రాని పిల్లవాడికి సోమవారం లోపల ఐవాన్-ఎ-గజల్ చదవమంటున్నారు. బాగుంది.

దక్కనీ_దిల్
అతనికి కాదమ్మా, ఎవరికైనా పనికొస్తుందని రాశాను. ఉర్దూ చదవాలనుకునేవాళ్ళు పంజాగుట్టలో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూకు వెళ్ళండి. పాత పుస్తకాలు అక్కడున్నంత ఓపికగా ఇంకెక్కడా ఎదురుచూడవు.

పాతపుస్తకాల_పిచ్చి
సినిమాతో పోల్చవచ్చా? కిషన్ చందర్ ఉర్దూ నవల జబ్ ఖేత్ జాగే ఆధారంగానే గౌతమ్ ఘోష్ మాభూమి సినిమా తీశాడు.

చిక్కడపల్లి_చదువరి
పోల్చవచ్చు, కానీ ఒక గోతి ఉంది, చూసుకుని అడుగు వేయండి. మాభూమి అనే నాటకం ఇంకొకటి ఉంది, 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసినది. సినిమా పేరు నాటకానిది, కథ నవలది. మా బ్యాచ్‌లో ఒకడు నాటకాన్నీ సినిమానీ పోలుస్తూ, "సినిమాలో దర్శకుడు కథను పూర్తిగా మార్చేశాడు" అని పదిహేను పేజీలు రాశాడు.

మెస్_బిల్లు
పాపం, దర్శకుడికి ఈ విషయం తెలిసిందా?

తార్నాక_టీ
నవ్వకండి. "మార్చేశాడు" అన్నది వాస్తవమే కదా!

గుండ్రాళ్ళు
రెండో_సెమిస్టర్, మీరు ఏం చదివారో చెప్పండి ముందు. చదవని పుస్తకంతో అంశం కట్టకూడదు. సారాంశాలు చదివి రాసిన వ్యాసాన్ని రెండో పేజీలోనే పసిగట్టేస్తారు.

రెండో_సెమిస్టర్
పూర్తిగా చదివినవి: అంపశయ్య, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, వోల్గా విముక్త. ఇంగ్లీషులో హెమింగ్‌వే, ముల్క్‌రాజ్ ఆనంద్ అన్‌టచబుల్, ఆర్వెల్ ఒకటి. యులిసీస్ మొదలుపెట్టి వదిలేశాను.

మౌనముని
యులిసీస్ పూర్తి చేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే చేయి ఎత్తండి.

ఎర్రసిరా
నేను ఎత్తాను. ఇంకెవరూ కనిపించడం లేదు.

శ్రీమతి_సందేహం
విముక్త తీసుకో బాబూ. అందులో సీత ఒక్కొక్క స్త్రీనే కలుస్తుంది: శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ. మలయాళంలో కుమారన్ ఆశాన్ 1919లోనే సీతను కూర్చోబెట్టి ఆలోచింపజేశాడు, చింతావిష్టయాయ సీత అని. అక్కడ సీత ఒంటరిగా ఆలోచిస్తుంది, ఇక్కడ మరో స్త్రీతో మాట్లాడుతూ ఆలోచిస్తుంది. ఒంటరిగా చేరే చోటికీ కలిసి చేరే చోటికీ తేడా ఉందా అని అడగవచ్చు. నా మటుకు నాకు ఇది మంచి ప్రశ్నే. మా అమ్మాయి మొల్ల రామాయణంతో బెంగాలీ చంద్రావతి రామాయణం పోల్చింది. ఇద్దరూ పదహారో శతాబ్దం వారే, ఇద్దరూ స్త్రీలే. బెంగాలీ రచయిత్రి నవనీతా దేవ్ సేన్ అప్పటికే ఆ దారిలో రాసి ఉన్నారు, కాబట్టి పనికి ఊతం దొరికింది. కానీ కొత్తగా చెప్పడానికి చాలా కష్టపడింది.

చిక్కడపల్లి_చదువరి
ఒక సంగతి ఎవరూ పట్టించుకోరు. అంశం మీద ఇంతకుముందే రాసినవాళ్ళు ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా? నా ఉద్దేశం: ఒకరిద్దరు రాసి ఉండాలి, వాళ్ళతో విభేదించడానికి. పాతికమంది రాసి ఉంటే పారిపోవాలి. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు దొరికే శోధగంగ వెబ్‌సైటులో మీ రెండు పుస్తకాల పేర్లు కొట్టి చూడండి, అరగంట పని. మన ఊళ్ళోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1988 నుంచి తులనాత్మక సాహిత్య కేంద్రం నడుస్తోంది. అక్కడి పాత సిద్ధాంత వ్యాసాల శీర్షికలు చదివినా బుర్రకు పదును వస్తుంది.

పాతపుస్తకాల_పిచ్చి
ఎవరైనా నిజం చెప్తారేమోనని చూస్తున్నాను. గట్టి అంశం, గొప్ప ప్రశ్న అంటూ ఇదంతా బాగానే ఉంది. నాలుగు వేల మాటలు, రెండు వారాల గడువు, ఇంకా మూడు పేపర్లు. పుస్తకాలు దొరికే అంశం తీసుకో, శుభ్రంగా రాయి, మార్కులు తెచ్చుకో. నేను అంతే చేశాను, ఉద్యోగం కూడా వచ్చింది.

ఎర్రసిరా
ఏ ఉద్యోగం?

పాతపుస్తకాల_పిచ్చి
బ్యాంకు.

మెస్_బిల్లు
ఎర్రసిరా గారికి ఇక మాటలు అక్కర్లేదు.

గుండ్రాళ్ళు
బ్యాంకు మాట పక్కన పెడితే అతను చెప్పినదాంట్లో ఒకటి నిజం. నాలుగు వేల మాటలకు రెండు నవలలు మొత్తం పట్టవు. ఒక్కో దాంట్లో ఒక దృశ్యమో ఒక అధ్యాయమో పట్టుకుంటేనే లోతుగా వెళ్ళగలరు. "జీవితం–దృక్పథం–సమాజం" లాంటి శీర్షికలు చూస్తేనే నాకు నిద్ర వస్తుంది.

తార్నాక_టీ
రెండో_సెమిస్టర్ చదివినవాటిలోనే ఒక జంట దాక్కుని ఉంది, ఎవరూ గమనించలేదా? అంపశయ్య, అన్‌టచబుల్. రెండూ ఒక్క రోజులో జరిగేవే! 1935లో ఆనంద్ రాసినది బఖా అనే పాకీపని కుర్రవాడి ఒక రోజు. 1969లో నవీన్ రాసినది ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక రోజు. అంపశయ్య అనగానే అందరూ జాయిస్ యులిసీస్ దగ్గరకు, అది జరిగే 1904 జూన్ 16 డబ్లిన్ దగ్గరకు పరిగెడతారు. మన దేశంలోనే ఇంకొక ఒక్కరోజు నవల ఉందని ఎవరికీ గుర్తుండదు.

మౌనముని
రెండింటిలోనూ ఒక్క రోజు. ఇది కూడా "రెండింటిలోనూ ముసలివాడే" లాంటిదే కదా?

తార్నాక_టీ
ఇక్కడితో ఆగితే అంతే. ఆగమని నేను చెప్పలేదు.

రెండో_సెమిస్టర్
తార్నాక_టీ గారూ, రాత్రి అన్‌టచబుల్ మళ్ళీ తీశాను. బజారులో జిలేబీల దగ్గర ఆగిపోయాను. బఖా నాలుగు అణాల జిలేబీలు కొనుక్కుని, తింటూ, ఆ రుచిలో మునిగి నడుస్తూ ఉంటాడు. ఆ కాసేపు అతని మనసు అతనిది. అంతలో ఎవరికో తగులుతాడు. తిట్లు, గుంపు, చెంపదెబ్బ. తన లోకంలో ఉండటమే అతను చేసిన నేరం అన్నట్టు ఉంది. అంపశయ్యలో రవి రోజంతా తన లోకంలోనే ఉంటాడు. డబ్బు బెంగ ఉంది, చదువు బెంగ ఉంది, కానీ ఆలోచిస్తూ నడిచినందుకు ఎవరూ కొట్టరు. కాబట్టి ఇలా అడగవచ్చా: తన ఆలోచనల్లో తాను ఉండే హక్కు ఈ రెండు రోజుల్లో ఎవరికి ఎంత ఉంది? అంపశయ్యకు చైతన్య స్రవంతి శిల్పం, అంటే మనసులో ఆలోచనలు సాగినట్టే కథ చెప్పే పద్ధతి, కుదరడానికీ, అన్‌టచబుల్‌లో మనసులోని ధార మాటిమాటికీ తెగిపోవడానికీ కారణం అదేనా?

గుండ్రాళ్ళు
ఒక పుస్తకం మూసి చూశాను. ప్రశ్న పడిపోయింది. పాసయ్యారు.

ఎర్రసిరా
బాగుంది. కానీ "హక్కు" అనే మాట దగ్గర జాగ్రత్త, అది వ్యాసాన్ని ఉపన్యాసం చేస్తుంది. శిల్పం దగ్గరే ఉండండి: కథనం బఖా మనసులోకి ఎప్పుడు వెళ్తుంది, ఏది అడ్డొచ్చి బయటికి లాగుతుంది? తండ్రి కేక, ఎవరో చెప్పిన పని, తిట్టు. అలాంటివి నాలుగు చోట్ల గుర్తు పెట్టుకోండి. అంపశయ్యలో రవి ఆలోచన తెగే చోట్లు కూడా వెతకండి. అక్కడ ఏది తెంపుతోంది? అదీ బయటి నుంచే వస్తే మీ వాదన కొంచెం మార్చుకోవాలి. మార్చుకోవడానికి భయపడకండి.

దక్కనీ_దిల్
అన్‌టచబుల్ చివర గాంధీజీ సభ, ఫ్లష్ మరుగుదొడ్డి చర్చ వస్తాయి కదా. అక్కడ బఖా ఆలోచిస్తున్నాడా, వింటున్నాడా? ఆఖరి పేజీలు వదిలేయకండి.

మౌనముని
నేను ఇంకా ఒప్పుకోవడం లేదు. ఒకటి ఇంగ్లీషులో రాసింది, ఒకటి తెలుగులో. బఖా మనసు ఇంగ్లీషులో ఆలోచిస్తుందా? ఇది ముందే తేల్చుకోకపోతే "మనసులోని ధార" అని ఎలా అంటారు?

తార్నాక_టీ
ఇది మంచి చిక్కే. ఒక పేరా పెట్టు తమ్ముడూ, ఈ సందేహాన్ని నువ్వే ముందు ఎత్తితే వాళ్ళు ఎత్తడానికి ఉండదు.

రెండో_సెమిస్టర్
పెడతాను. శీర్షిక: "ఆలోచన తెగే చోటు: అన్‌టచబుల్, అంపశయ్య నవలల్లో ఒక రోజు". సోమవారం ఇదే ఇస్తున్నాను. అంపశయ్య నా దగ్గరున్నది జిరాక్సు కాపీ, పేజీ సంఖ్యలు సగం కనిపించవు. అచ్చు పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

చిక్కడపల్లి_చదువరి
ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడు, లేకపోతే కోఠీలో. అక్కడా దొరకకపోతే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. ఏ ముద్రణో రాసుకోవడం మరిచిపోవద్దు.

పాతపుస్తకాల_పిచ్చి
నా దగ్గర ఒకటుంది. నారాయణగూడ వైపు వస్తే ఇస్తాను, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి.

మెస్_బిల్లు
బ్యాంకు ఆయన అప్పు ఇస్తున్నారు. వడ్డీ ఎంతో ముందే అడిగి తీసుకో.